ముందు కుర్చీ, తర్వాత స్పీకరు



మీలో ఎవరైనా ఈ ప్రసంగాన్ని రెండు స్పీకర్లున్న సెట్టు మీద వింటూ ఉంటే, ఒక చిన్న పరీక్ష చేద్దాం. రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ కూర్చోండి. కళ్ళు మూసుకోండి. నా గొంతు ఎటునుంచి వస్తోందో వేలు చాపి చూపించండి. వేలు అలాగే ఉంచి కళ్ళు తెరవండి. మీ వేలు చూపిస్తున్న చోట స్పీకరు ఉండదు. ఉత్త గోడో, టీవీయో, క్యాలెండరో ఉంటుంది. మీ మటుకు నేను ఆ క్యాలెండరులోంచే మాట్లాడుతున్నాను.

ఇప్పుడు కూర్చున్న చోటి నుంచి ఒక మూరెడు కుడికి జరగండి. నేనూ మీతోపాటే జరిగాను కదూ? జరగడం కూడా కాదు, ఏకంగా వెళ్ళి కుడి స్పీకరులో దూరాను. ఎడమది మూగబోయిందేమోనని అనుమానం వస్తే లేచి వెళ్ళి దాని దగ్గర చెవి పెట్టండి. అది పాపం ఎప్పటిలాగే పనిచేస్తూనే ఉంటుంది.

ఒక్క స్పీకరున్న ట్రాన్సిస్టరులో వింటున్నవాళ్ళకు ఈ తిప్పలు లేవు. గదిలో ఏ మూలన కూర్చున్నా నా గొంతు ఆ పెట్టెలోంచే వస్తుంది. చిక్కంతా ఇంటికి రెండో స్పీకరు వచ్చాక మొదలవుతుంది. ఈ పూట మనం మాట్లాడుకునేది ఆ చిక్కు గురించే. ఇంట్లో పాట వినే మనిషి ఎక్కడ కూర్చున్నాడు, ఆ చోటుకు తగ్గట్టు శబ్దాన్ని ఎలా సర్దుకోవాలి?

మూరెడు జరిగితే అంత తేడా ఎందుకొచ్చింది? లెక్క చిన్నదే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక అడుగు దూరం దాటడానికి దానికి ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యోవంతు కూడా పూర్తిగా పట్టదు. మీరు కుడికి జరగగానే కుడి స్పీకరు మాట ముందు చేరింది, ఎడమ స్పీకరు మాట ఒక మిల్లీసెకను పైచిలుకు వెనకబడింది. మిల్లీసెకను ఏపాటిదిలే అనుకుంటాం గానీ, మన చెవుల లెక్కలో అది పెద్ద వ్యవధి. మనిషి తల అడ్డం జానెడైనా ఉండదు. సరిగ్గా పక్కనుంచి వచ్చిన శబ్దం ఈ చెవిని తాకాక ఆ చెవికి చేరడానికి మిల్లీసెకనులో మూడింట రెండు వంతులకు మించి పట్టదు. ఆ కాస్త తేడాను పట్టుకునే, వెనకనుంచి పిలిచిన మనిషి ఏ పక్కన ఉన్నాడో తల తిప్పకముందే మనకు తెలిసిపోతుంది. బొంగురు శబ్దాలకు రెండు చెవుల మధ్య సమయంలోని తేడా ఆనవాలని, కీచు శబ్దాలకు గట్టిదనంలోని తేడా ఆనవాలని 1907లో లార్డ్ రేలీ చెప్పాడు. ఆర్గాన్ వాయువును కనిపెట్టి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రేలీయే ఈయన. ఈ పెద్దమనిషి అవసరం మనకు ఇంకోసారి కూడా పడుతుంది.

రెండు స్పీకర్ల సంగతి నేరుగా పట్టించుకున్నవాడు హెల్ముట్ హాస్. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో 1949లో సమర్పించిన పరిశోధనలో ఆయన తేల్చింది ఇది: ఒకే మాట రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, చెవి ముందొచ్చినదాన్నే నమ్ముతుంది. వెనకొచ్చింది గొంతుకు బలం కలుపుతుందే గాని, తానెక్కడుందో చెప్పుకోలేదు. పది ఇరవై మిల్లీసెకన్లు వెనకబడ్డ శబ్దాన్ని ఇంచుమించు పది డెసిబెళ్ళు పెంచితే తప్ప అది ముందొచ్చినదానికి సమానంగా వినిపించదట. ఇంజనీర్లు నేటికీ దీన్ని హాస్ ప్రభావం అనే అంటారు. పెద్ద సభల్లో మైకు కట్టేవాళ్ళు వెనక వరుసల స్పీకర్లను కొంచెం ఆలస్యంగా పలికించడం వెనక ఉన్నది ఇదే. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా మాట వేదిక మీది నుంచే వస్తున్నట్టు అనిపించాలి కదా.

ఇక మన ఇళ్ళకు వద్దాం. కొత్త సౌండ్ సిస్టమ్ ఇంటికొచ్చిన రోజు ఏం జరుగుతుంది? ముందు టీవీకి చోటు. ఆ తర్వాత షోకేసుకు. స్పీకర్లు ఎక్కడ పడితే అక్కడ: ఒకటి షోకేసు పై అరలో పెళ్ళి ఫోటో పక్కన, ఇంకొకటి తలుపు వెనక ఫ్రిజ్ మీద. బిగించడానికి వచ్చిన కుర్రాడు వైరు పొడవు ఎంతవరకు చాలితే అంతవరకు న్యాయం చేసి వెళ్ళిపోతాడు. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో రెండూ సజ్జ మీదికెక్కుతాయి. సోఫా సంగతి అడిగే పనే లేదు, అది వెనక గోడకు ఆనుకునే ఉంటుంది, మధ్యలో నడవడానికి దారి కావాలి గనక. ఇదంతా అయ్యాక, ఇంత డబ్బు పోసి కొన్నాం, మాట తెలియట్లేదేమిటని వాల్యూమ్ పెంచుతారు. ఆరు నెలలు పోయాక ఇంకా పెద్ద సెట్టు కొంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ వరస తలకిందులుగా ఉంది. ఇంట్లో వినేవాళ్ళు ఎవరు, ఎక్కడ కూర్చుంటారు అన్నది ముందు తేలాలి. స్పీకర్లు ఆ తర్వాత. దీనికి కావలసింది దర్జీ టేపు ఒకటి, సాయం పట్టడానికి ఇంకో మనిషి. టీవీ ఆగ్నేయం మూలనే ఉండాలనే ఇంటిపెద్దలతో నేను వాదనకు దిగను. అది అక్కడే ఉండనివ్వండి. కుర్చీ జరుపుకోవడానికి ఎవరి ముహూర్తమూ అక్కర్లేదు.

మీరు రోజూ కూర్చునే చోటు ఎంచుకోండి. అక్కడ మీ తల ఉండే చోటు నుంచి కుడి స్పీకరుకు ఎంతో, ఎడమ స్పీకరుకు అంతే ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య దూరం కూడా దానికి దగ్గర దగ్గరగా ఉంటే మరీ మంచిది. మూడు వైపులా ఏడేసి అడుగులనుకోండి, మామూలు హాలుకు అది చక్కగా సరిపోతుంది. ఈ కొలత ఎవరో ఊహించి చెప్పింది కాదు. స్టూడియోలో పాటను కలిపే ఇంజనీరు కూడా ఇలాంటి సమభుజ త్రిభుజం కొసనే కూర్చుని వయొలిన్లను ఎడమకు, వీణను కుడికి, గాయని గొంతును నడిమికి సర్దుతాడు. అతను కూర్చున్న చోట మనం కూర్చుంటే అతను విన్నది మనం వింటాం. స్పీకర్లు మరీ దగ్గరైతే పాటంతా ఒకచోట ముద్దకడుతుంది. మరీ ఎడమైతే నడుమ ఖాళీ పడి, గాయని నిలబడడానికి చోటు దొరకదు.

దూరంతోపాటు ఎత్తు కూడా చూడాలి. కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకరును ట్వీటర్ అంటారు. దానిలోంచి వచ్చే శబ్దం నాలుగు వైపులా పరుచుకోదు, ఎదురుగా ఉన్న దిక్కుకే ఎక్కువగా పోతుంది. కాబట్టి అది చెవి ఎత్తున ఉండాలి. విదేశీ సెట్టుతో వచ్చే పుస్తకంలో చెవి ఎత్తంటే కుర్చీలో కూర్చున్న మనిషి చెవి ఎత్తు, అంటే నేల మీది నుంచి ఇంచుమించు మూడున్నర అడుగులు. మన ఇళ్ళల్లో చాప మీద కూర్చుని అన్నం తింటూ సినిమా చూసేవాళ్ళున్నారు, పడకకుర్చీలో వాలి కచేరీ వినే తాతయ్యలున్నారు. చాప మీద కూర్చున్న మనిషి చెవి రెండున్నర అడుగుల దగ్గరే ఆగిపోతుంది. ఆ పుస్తకం రాసినవాడికి మన చాప సంగతి తెలియదు. స్పీకరును సజ్జ మీది నుంచి దించడం కుదరకపోతే, దాని వెనక అంచు కింద చెక్కముక్క పెట్టి, మొహం కిందికి వంచండి. స, శ, త లాంటి అక్షరాలు అప్పటిదాకా ఎక్కడ దాక్కున్నాయా అనిపిస్తుంది.

కొలతలు సమానంగా కుదరని ఇళ్ళే ఎక్కువని నాకు తెలుసు. కిటికీ అడ్డొస్తుంది, బీరువా అడ్డొస్తుంది. కుడి స్పీకరు ఎనిమిది అడుగుల్లో, ఎడమది పదకొండు అడుగుల్లో ఉందనుకోండి. చాలామంది వెంటనే బ్యాలెన్స్ తిప్పి ఎడమను పెంచుతారు. ఆ మీట చేసేది సగం పనే. దూరంగా ఉన్న స్పీకరు శబ్దం నీరసించి చేరుతుంది, ఆ లోటును బ్యాలెన్స్ పూడుస్తుంది. కానీ అది ఆలస్యంగా కూడా చేరుతోంది. మూడడుగుల తేడాకు రెండున్నర మిల్లీసెకన్లు దాటుతుంది. హాస్ చెప్పిన లెక్కన చెవి ఇంకా కుడివైపునే నమ్ముతుంది. దాన్ని గెలవాలని ఎడమను ఇంకా ఇంకా పెంచితే గొంతు నడుమకొచ్చినట్టే ఉంటుంది గానీ, మసకబారి, వెడల్పుగా సాగిపోయి, ఎక్కడా నిలవదు.

అసలు మందు, దగ్గరగా ఉన్న స్పీకరును ఆలస్యం చేయడం. దగ్గరున్నవాడు దూరంగా ఉన్నవాడి కోసం ఆగాలి. ఇప్పటి హోమ్ థియేటర్ రిసీవర్లలో దీనికి ఏర్పాటు ఉంది. స్పీకర్ సెట్టింగ్స్‌లో డిస్టెన్స్ అనే చోట ఒక్కో స్పీకరు మీ తలకు ఎంత దూరమో అడుగుల్లోనో మీటర్లలోనో వేస్తే, మిగతా కూడికలు తీసివేతలు అది చూసుకుంటుంది. కొన్ని సెట్లలో డిలే అని మిల్లీసెకన్లలో అడుగుతుంది. అప్పుడు ఎక్కువ దూరంలోంచి తక్కువ దూరం తీసేసి, అడుగుకు 0.9 చొప్పున దగ్గరి స్పీకరుకు వేయండి. మన ఉదాహరణలో కుడిదానికి 2.7. ఆ తర్వాత బ్యాలెన్సో, లెవెలో కొద్దిగా, రెండు మూడు డెసిబెళ్ళు సర్దితే సరిపోతుంది. కారులో కూడా ఇదే బాధ. మన దేశంలో స్టీరింగు ముందు కూర్చున్నవాళ్ళకు కుడి తలుపు స్పీకరు మోకాలి దగ్గర, ఎడమది అవతలి కొసన. ఖరీదైన కారు సెట్లలో టైమ్ అలైన్‌మెంట్ అని ఉండేది ఈ పనికే. నూటికి తొంభైమంది దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోరని నా అనుమానం.

ఇంతవరకూ ఒక్క మనిషి గురించే మాట్లాడాను. మన హాల్లో ఒక్కరే కూర్చుని పాట వినే అదృష్టం ఎవరికుంది? సోఫాలో ముగ్గురు, దివాను మీద ఇద్దరు. నడుమ కూర్చున్నవాళ్ళకు స్వర్గం, పక్కవాళ్ళకు ఏదో ఒక్క స్పీకరు. ఈ కుటుంబ సమస్యకు డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. రెండు స్పీకర్లనూ లోపలికి బాగా తిప్పండి. ఎంత తిప్పాలంటే, వాటి చూపులు మీ వెనక కాకుండా మీ మోకాళ్ళకు కాస్త ముందే ఒకదానినొకటి దాటాలి. ఇప్పుడు కుడి చివర కూర్చున్నవాళ్ళు కుడి స్పీకరుకు దగ్గరే, నిజమే. కానీ అది వాళ్ళవైపు చూడటం లేదు, అడ్డంగా అవతలికి చూస్తోంది. దూరంగా ఉన్న ఎడమ స్పీకరు మాత్రం నేరుగా వాళ్ళ మొహంలోకే చూస్తోంది. ముందు చేరడంలో కుడిదానికి ఉన్న బలాన్ని గట్టిగా పలకడంలో ఎడమది కొంత విరుస్తుంది. గొంతు పూర్తిగా నడుమకు రాకపోయినా ఒక స్పీకరులోకి కూలిపోకుండా నిలబడుతుంది. వయసు మళ్ళిన పాత జత స్పీకర్ల మీద కూడా ఇది పనిచేస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ నిద్రపోయాక కాదు, అందరూ మేలుకుని ఉన్నప్పుడే చేసి చూడండి. సోఫా చివర కూర్చునేవాళ్ళే దీనికి న్యాయనిర్ణేతలు.

డబ్బు ఖర్చు ఉన్న ఉపాయం నడుమ మూడో స్పీకరు పెట్టడం. ఇది హోమ్ థియేటర్లు వచ్చాక పుట్టిన ఆలోచన అనుకుంటారు గానీ, దీనికి తొంభై ఏళ్ళు దాటాయి. 1933 ఏప్రిల్ 27న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని టెలిఫోన్ తీగల మీద వాషింగ్టన్‌కు పంపి, కాన్‌స్టిట్యూషన్ హాలులో జనానికి వినిపించారు. బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్ బృందం చేసిన పని అది. ఆ ఆర్కెస్ట్రాకు పేరు తెచ్చిన లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆ రోజు వాద్యకారుల ముందు నిలబడలేదు. వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చుని శబ్దాన్ని సర్దాడు. అక్కడ వాడినవి రెండు కాదు, మూడు స్పీకర్ వరసలు: ఎడమ, నడుమ, కుడి. పెద్ద హాల్లో పక్క సీట్ల జనానికి కూడా వాద్యం దాని చోటునుంచే వినిపించాలంటే నడిమిది ఉండి తీరాలని వాళ్ళు అప్పుడే గ్రహించారు. సినిమా హాలు తెర వెనక డైలాగు కోసం నడుమ స్పీకరు ఉండటానికి కారణం ఇదే. 5.1 సెట్టులో సెంటర్ అని రాసి ఉండే పెట్టె దాని వారసురాలే.

ఆ పెట్టెను టీవీ కింద అరలో లోపలికి తోసేయకండి. మొహం అర అంచు దాకా రావాలి, కొంచెం పైకి చూడాలి. సినిమాలో పాటలు, ఫైట్లు ఇల్లెగిరిపోయేట్టు, మాటలు మాత్రం గొణుగుడుగా ఉన్నాయని రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చునే ఇళ్ళు ఎన్నో. మొత్తం వాల్యూమ్ జోలికి పోకుండా సెంటర్ లెవెల్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెళ్ళు పెంచండి. సగం గొడవ సర్దుమణుగుతుంది.

స్టీరియోకు పుట్టినిల్లు కూడా సినిమా హాలేనంటారు. 1931లో లండన్‌లో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఇ.ఎం.ఐ. ఇంజనీరు భార్యతో సినిమాకు వెళ్ళాడు. తెర మీద నటుడు ఆ కొసకు నడిచిపోతుంటే మాట మాత్రం ఒకేచోట నుంచి వస్తోంది. ఆ మాటను అతని వెంట నడిపించే మార్గం తనకు తెలుసన్నాడు. అదే ఏడాది డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1942లో రాడార్ పరీక్షల విమానం కూలి చనిపోయేనాటికి అతనికి 38 ఏళ్ళు. స్టీరియో రికార్డులు మామూలు దుకాణాల్లోకి వచ్చింది 1958లో. అతను చూడలేదు.

తెలుగు తెర మీదికి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం 1986లో కృష్ణ ‘సింహాసనం’తో వచ్చాయి. అంటే మనం నెత్తిన పెట్టుకునే ఘంటసాల, లీల, సుశీల పాత పాటల్లో చాలా భాగం ఒకే ట్రాకులో రికార్డయినవి. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్దినప్పుడు శబ్దాన్ని కూడా 5.1కు విడదీశారు, అది వేరే సంగతి. ఒకే ట్రాకు పాటలు వినేటప్పుడు నా సలహా కాస్త మొండిగా ఉంటుంది. రిసీవరులో సరౌండ్, హాల్, స్టేడియం లాంటి బొత్తాలేవీ నొక్కకండి. ఆ పాటలో లేని స్థలాన్ని అవి కల్పిస్తాయి, ఉన్న గొంతును పలచన చేస్తాయి. వీలుంటే ఒక్క మంచి స్పీకరునే పలికించి, దానికి ఎదురుగా కూర్చోండి. రెండు స్పీకర్లు దారిలో కలిసి చేసే కిచిడీ తప్పుతుంది. ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న కూడా తప్పుతుంది.

బాస్, అంటే లోతైన శబ్దాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ స్పీకరు కంటే గది ఎక్కువ మాట్లాడుతుంది. పద్నాలుగు అడుగుల పొడవున్న హాలు తీసుకోండి. సెకనుకు 40 సార్లు కంపించే శబ్దం, అంటే 40 హెర్ట్జ్ శబ్దం, దాని సగం అల ఆ రెండు గోడల మధ్య సరిగ్గా ఇముడుతుంది. బాస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గరే. ఆ అల గోడకూ గోడకూ మధ్య కొట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. గోడల దగ్గర దాని ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా నడిగదిలో దాదాపు సున్నా. అందుకే గోడకానుకున్న సోఫాలో తండ్రి, బాస్ తగ్గించరా, బావిలో మాట్లాడినట్టుంది అంటాడు. నడిగదిలో చాప మీద కొడుకు, బాసెక్కడుంది నాన్నా, అసలు రావట్లేదు అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రిమోట్‌తో తీరే తగాదా కాదిది. సోఫాను గోడ నుంచి ఒకటి రెండడుగులు ముందుకు లాగి, చాపను నడిగది నుంచి కొంచెం వెనక్కి జరిపితే ఇద్దరూ రాజీకొస్తారు.

బాస్ పలికే పెట్టెను, అంటే సబ్ వూఫర్‌ను, ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలు ఏ దిక్కునుంచి వస్తున్నాయో చెవి సులభంగా పట్టలేదు కాబట్టి, దాన్ని గదిలో ఎక్కడైనా పెట్టవచ్చు. ఎక్కడైనా పెట్టవచ్చు గానీ అన్నిచోట్లా ఒకేలా పలకదు. మూలకు చేరిస్తే మోత పెరుగుతుంది, దుకాణాల్లో వాళ్ళకు అదే ఇష్టం. ఇక్కడ మళ్ళీ రేలీ దగ్గరికి పోవాలి. శబ్దం పుట్టే చోటును, వినే చోటును తారుమారు చేసినా ఫలితం మారదని ఆయన సూత్రం. దాన్ని వాడుకునే పద్ధతి చూడటానికి నవ్వొస్తుంది. సబ్ వూఫర్‌ను ఎత్తి మీరు రోజూ కూర్చునే సోఫా మీద కూర్చోబెట్టండి. బాస్ నడక బాగా ఉన్న పాట పెట్టండి. మీరు గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ తల కిందికి పెట్టి వినండి. ఎక్కడ ప్రతి స్వరమూ సమానంగా, విడివిడిగా వినిపిస్తే అక్కడ ఆగండి. సబ్ వూఫర్‌కు చోటు అదే. ఇది తలుపేసుకుని చేయవలసిన పని, పక్కింటివాళ్ళు చూస్తే ఏదో పోగొట్టుకున్నారనుకుని వెతకడానికి వస్తారు.

గది గురించి ఇంకో మాట. ఇప్పుడు మన ఇళ్ళన్నీ టైల్సో, గ్రానైటో, నున్నని గోడలు, గాజు కిటికీలు. శబ్దం దేన్ని తాకినా తిరిగొస్తుంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1895 ప్రాంతాన కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస గదిలో అయ్యవారి మాట ఎవరికీ తెలియకపోతే, వాలెస్ సబీన్ అనే భౌతికశాస్త్రవేత్త దాని అంతు చూడటానికి పూనుకున్నాడు. పక్కనున్న నాటకశాల సీట్ల మెత్తలు రాత్రిళ్ళు మోసుకొచ్చి, ఎన్ని మెత్తలకు ప్రతిధ్వని ఎంత తగ్గుతోందో కొలిచి, తెల్లారేలోగా వాటిని మళ్ళీ వాటి చోట పెట్టించేవాడు. గదుల శబ్దశాస్త్రం అక్కడినుంచే లెక్కలకెక్కింది. మన హాలుకు మెత్తల మోత అక్కర్లేదు. మందపాటి పరదాలు, నేల మీద జంపఖానా, సోఫా వెనక గోడకు పుస్తకాల అలమర ఉంటే చాలు. అవేవీ కుదరకపోతే కుర్చీని స్పీకర్లకు దగ్గరగా లాగండి. గది ప్రతిధ్వని ఎక్కడ కూర్చున్నా ఇంచుమించు అంతే ఉంటుంది. స్పీకరు నుంచి నేరుగా వచ్చే మాట మాత్రం దూరం సగమైతే ఆరు డెసిబెళ్ళ దాకా పెరుగుతుంది. వాల్యూమ్ పెంచితే మాటా పెరుగుతుంది, ప్రతిధ్వనీ పెరుగుతుంది. కుర్చీ జరిపితే మాట ఒక్కటే పెరుగుతుంది.

ఈ కొలతలన్నీ మాకెందుకు, సెట్టే చూసుకుంటుంది కదా అనేవాళ్ళున్నారు. నిజమే, ఇప్పటి రిసీవర్లతో చిన్న మైకు ఒకటి వస్తుంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధనల్లోంచి వచ్చిన ఆడిస్సీ, యమహా వారి వైపావో ఇలాంటివే. మైకును కూర్చునే చోట పెడితే, స్పీకర్లు ఒక్కొక్కటీ చిత్రమైన శబ్దం చేస్తాయి, సెట్టు దూరాలు, లెవెళ్ళు కొలుచుకుని సర్దుకుంటుంది. పని బాగానే చేస్తుంది, మనం సరిగ్గా చేయనిస్తే. మైకు మన చెవి ఉండే ఎత్తున ఉండాలి. ఒళ్ళో పట్టుకునో, సోఫా వీపు మీద పెట్టో కొలిపిస్తే అది ఒళ్ళోకీ సోఫా వీపుకీ సర్దుతుంది. ఫ్యాను, ఏసీ ఆపాలి, వంటింట్లో కుక్కరు కూయకూడదు. ఇద్దరు ముగ్గురు కూర్చునే ఇంట్లో ఒక్క చోటుతో సరిపెట్టకుండా, అది అడిగినన్ని చోట్లా మైకు మార్చాలి. పని ముగిశాక సబ్ వూఫర్ దూరం మీరు టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తే కంగారుపడి దిద్దకండి. సబ్ వూఫర్ లోపలి సర్క్యూట్లలో జరిగే ఆలస్యాన్ని కూడా అది దూరం కిందే లెక్కగట్టింది. మిగతా స్పీకర్ల దూరాలు మాత్రం టేపుతో సరిచూడండి, వైరు తారుమారైతే అక్కడే బయటపడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఫ్రిజ్ మీదున్న స్పీకరును ఏ సాఫ్ట్‌వేరూ కిందికి దించలేదు.

చివరగా ఇంట్లో పెద్దవాళ్ళ గురించి. వయసు మీదపడ్డాక చెవి ముందు కోల్పోయేది కీచు శబ్దాలను. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే, గొంతు వినపడుతోంది గానీ ఏమంటున్నాడో తెలియట్లేదు అంటారు. అలాంటప్పుడు వాల్యూమ్ పెంచితే ఇల్లంతా అదిరి, వాళ్ళకు తెలియని మాట తెలియకుండానే ఉంటుంది. బాస్ తగ్గించి ట్రెబుల్ కొద్దిగా పెంచండి, ట్వీటర్ వాళ్ళవైపు చూసేలా తిప్పండి. ఒక చెవి బొత్తిగా వినపడనివాళ్ళు ఫోనుకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాటలో సగం వాద్యాలు వాళ్ళకు అందవు. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఉంటుంది. అది ఆన్ చేసి ఇవ్వండి, రెండు వైపుల శబ్దమూ ఒక్క చెవికే చేరుతుంది.

మీ అమ్మగారో నాన్నగారో టీవీ మాటలు తెలియట్లేదంటే, రిమోట్ అందుకోకముందు వాళ్ళ కుర్చీని నాలుగడుగులు ముందుకు వేయండి. అప్పటికీ తెలియకపోతే అది సెట్టు తప్పు కాదు. చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి పరీక్ష చేయించండి, వచ్చే ఏడాది చూద్దాంలే అని వాయిదా వేయకండి.